ఒక బెల్టు, రెండు జబ్బులు

అంబాసిడర్ గురించి మనవాళ్ళు చెప్పుకునే కబుర్లలో రెండు తప్పకుండా ఉంటాయి. ఒకటి, ఘాట్ రోడ్డు మలుపులో బానెట్ ఎత్తిపెట్టి, ఆవిరి చిమ్ముతున్న రేడియేటర్ పక్కన నీళ్ళ డబ్బా పట్టుకుని నిలబడ్డ డ్రైవరు. రెండోది, పెళ్ళికి బయల్దేరబోతూ బండి స్టార్టవక, పట్టుచీరలవాళ్ళు పక్కన నిలబడితే పంచెలవాళ్ళు వెనకనుంచి తొయ్యడం. మొదటిది కూలింగ్ గోల, రెండోది ఛార్జింగ్ గోల. రెండిటికీ కలిపి మనం ఇచ్చేసే తీర్పు మాత్రం ఒకటే: "డొక్కు బండి".

ఆ తీర్పు పూర్తిగా తప్పని నేననను. కానీ ఆ రెండు జబ్బులూ ఉత్తరపారా ఫ్యాక్టరీలో పుట్టినవి కావు. వాటికి నూరేళ్ళకి పైబడిన వంశవృక్షం ఉంది. పైగా ఆ రెండూ అన్నదమ్ములు. ఈ చుట్టరికం తెలియకపోతే పాత బండికి వైద్యం చెయ్యడం కష్టం, జేబుకి చిల్లు పడటం మాత్రం ఖాయం.

మొదట నీళ్ళ సంగతి చూద్దాం. 1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ తీసుకున్న మూడు చక్రాల బండిలో ఇంజన్ చుట్టూ ఉన్న నీళ్ళు మరిగి ఆవిరైపోవడం జబ్బు కాదండీ, అదే డిజైను! నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది, తగ్గిన నీళ్ళు మళ్ళీ పొయ్యాలి, అంతే. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ మొగుడికి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా, దాదాపు 100 కిలోమీటర్లు, ఆ బండిలో వెళ్ళింది. దారి పొడుగునా దొరికిన చోటల్లా నీళ్ళు పోసుకుంటూనే వెళ్ళింది. పెట్రోలు గొట్టం మూసుకుపోతే తలపిన్నుతో పొడిచి తీసింది. ఇంధనం అయిపోతే వీస్లోక్ అనే ఊళ్ళో మందుల షాపులో కొంది. రోడ్డు పక్క మెకానిజం మొదలుపెట్టింది మగవాళ్ళు కాదన్నమాట.

ఇంజన్ల బలం పెరిగేకొద్దీ ఈ మరగబెట్టే పద్ధతి సరిపోలేదు. 1900 చివర్లో తయారైన 35 హార్స్‌పవర్ మెర్సిడెస్ కోసం విల్‌హెల్మ్ మేబాక్ తేనెపట్టులాంటి రేడియేటర్ చేశాడు. అందులో 8,070 చిన్న చిన్న గొట్టాలు, వాటి లోపలినుంచి గాలి. అదే నీటిని చల్లార్చి మళ్ళీ వాడుకోవడమే కిటుకు. ఈనాటికీ రేడియేటర్ అంటే ఆ ఆలోచనే.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి అయితే ఇంకా పొదుపరి. మొదట చేసిన కొద్ది బండ్లకి పంపు పెట్టి, తర్వాత అదీ తీసేశారు. వేడి నీరు తేలికై పైకి పోతుంది, చల్లటి నీరు బరువెక్కి కిందకి దిగుతుంది, ఆ తిరుగుడే చాలన్నారు. చెడిపోవడానికి పంపే లేకపోతే ఇక పంపు చెడేదెక్కడ? మా ప్రొఫెషన్లో కూడా అన్నిటికన్నా నమ్మకమైన కోడ్ ఏదంటే మనం రాయకుండా వదిలేసిందే :)

ఇక కరెంటు. తొలినాళ్ళ కార్లకి ఛార్జింగ్ సమస్య లేదు, ఎందుకంటే ఛార్జ్ చెయ్యాల్సిందే లేదు. స్పార్కు కోసం మాగ్నెటో, దీపాలకి ఎసిటిలిన్ గ్యాసు, స్టార్ట్ చెయ్యడానికి మనిషి చెయ్యి. ఆ చేత్తో తిప్పే హ్యాండిల్ ఎదురుతన్ని మణికట్లు విరగడం మామూలే. 1912 మోడల్ కాడిలాక్‌లో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చాక మొత్తం మారిపోయింది. స్టార్టర్ కావాలంటే బ్యాటరీ కావాలి. బ్యాటరీ నింపాలంటే ఇంజన్ తిప్పే డైనమో కావాలి. డైనమో నిదానంగా తిరిగినప్పుడు బ్యాటరీలో కరెంటు వెనక్కి పారకుండా కటౌట్ కావాలి. ఒక సౌకర్యం కోరితే వెనకాల నాలుగు డిపెండెన్సీలు వచ్చి కూర్చున్నాయి. ఏదో చిన్న లైబ్రరీ ఇన్‌స్టాల్ చెయ్యబోతే తోక పట్టుకుని ముప్ఫై వచ్చినట్టు.

తొలి డైనమోలకి అదుపు సరిగ్గా ఉండేది కాదు. మూడో బ్రష్షు అనే ఏర్పాటుతో కరెంటుని ఏదో ఒక స్థాయిలో ఉంచేవారు గానీ, బ్యాటరీ నిండిందో లేదో దానికి పట్టేది కాదు. అందుకని పగటిపూట దూరప్రయాణం చేసేవాళ్ళు బ్యాటరీ ఉడికిపోకుండా హెడ్‌లైట్లు వేసుకుని వెళ్ళేవారట. అక్కర్లేని కరెంటు అలా కాల్చెయ్యడం! 1930ల మధ్యకొచ్చేసరికి వోల్టేజిని చూసి ఛార్జింగ్ తగ్గించే రెగ్యులేటర్లు బాగా వాడకంలోకి వచ్చాయి.

ఇప్పుడు అసలు కథ. రేడియేటర్ వెనక ఫ్యాను తిప్పాలి, నీళ్ళ పంపు తిప్పాలి, డైనమో తిప్పాలి. మూడిటికీ ఇంజనే దిక్కు. మూడు చోట్ల గేర్లూ గొలుసులూ పెట్టే బదులు ఇంజను ముందు కప్పీ మీదనుంచి ఒకే ఒక్క రబ్బరు వి-బెల్టు వేసేస్తే? ఫ్యానూ పంపూ ఒకే ఇరుసు మీద, డైనమో పక్కన. ఇంకో తమాషా ఏంటంటే, డైనమోని పొడవాటి గాడి ఉన్న పట్టీకి బిగించి, దాన్ని బయటికి లాగి బెల్టు బిగువు సరిచేసేవారు. అంటే డైనమో కరెంటూ ఇస్తుంది, బెల్టునీ లాగి పడుతుంది. ఇంజనీరుగా చెప్పాలంటే ముచ్చటైన పని. ఖర్చు తక్కువ, భాగాలు తక్కువ.

కానీ దానికో మూల్యం ఉంది. చల్లదనం, కరెంటు అనే రెండు సంబంధం లేని వ్యవస్థలు ఒకే రబ్బరు ముక్క మీద వేలాడుతున్నాయి. దీన్ని మేం సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. ఫోక్స్‌వాగన్ బీటిల్‌లో ఇది మరీ పరాకాష్ఠ. అది గాలితో చల్లబడే ఇంజన్, నీళ్ళే లేవు. చల్లార్చే ఫ్యాను సాక్షాత్తూ డైనమో ఇరుసు చివరే ఉంటుంది. టెంపరేచర్ మీటరు లేదు. బండి నడుస్తుండగా డైనమో ఎర్ర లైటు వెలిగిందంటే "బ్యాటరీ సంగతి ఇంటికెళ్ళాక చూద్దాంలే" అనుకోడానికి లేదు. బెల్టు తెగి ఉండొచ్చు, అప్పుడు ఇంజన్ ఉడుకుతున్నట్టే. వెంటనే ఆపి చూడాలి.

ఆ ఎర్ర లైటు గురించి ఒక్క మాట చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. దాని వెనక ఏ తెలివైన సర్క్యూటూ లేదు. బల్బు ఒక కాలు బ్యాటరీ వైపు, రెండో కాలు డైనమో వైపు. రెండువైపులా వోల్టేజి సమానమైతే బల్బులో కరెంటు పారదు, ఆరిపోతుంది. తేడా ఉంటే వెలుగుతుంది, ఎంత తేడా ఉంటే అంత వెలుగు. అణా బల్బుతో చేసిన కంపారేటర్! ఇంజన్ ఐడిల్‌లో మిణుకుమిణుకుమంటే డైనమో నిదానంగా తిరుగుతోందని, యాక్సిలరేటర్ తొక్కినా ఆరకపోతే ఛార్జింగ్ లేదని, స్విచ్ వేసినా అసలు వెలగకపోతే బల్బో వైరో బ్యాటరీయో చూసుకోమని అర్థం.

ఇంగ్లండులో 1956లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3, మరుసటి ఏడాది మన ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వారి అంబాసిడర్‌గా అవతరించింది. 1959 నుంచి దానికి 1489 సిసి బిఎంసి ఇంజన్. ఈ ఒక్క బెల్టు ఏర్పాటు దాంతోపాటే ఓడెక్కి వచ్చింది. ఇంగ్లండు చలికి, అక్కడి రోడ్లకి అది బాగానే పనిచేసింది. మన మే నెలలో, నలుగురు ఎక్కాల్సిన చోట తొమ్మిదిమంది ఎక్కి, పైన కారియర్ మీద హోల్డాలు, డిక్కీలో స్టీలు బకెట్లు వేసుకుని తిరుమల ఎక్కితే ఏమవుతుందో ఆలోచించండి. తిరుమలకి మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. ఆ ఎక్కుడులో బండి ఫస్టులోనో సెకండులోనో పాకుతుంది. ఇంజన్ మోత మోగుతుంటుంది, వేడి బోలెడు. బండికి వేగం లేదు కాబట్టి ఎదురుగాలి లేదు, ఉన్నదంతా ఫ్యాను గాలే. దానికి తోడు ఎత్తుకి వెళ్ళేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, తిరుమల ఎత్తులో సుమారు 97 డిగ్రీలకే.

దీనికి విరుగుడు ఉంది. రేడియేటర్ మూత. అది ఉత్త మూత కాదు, స్ప్రింగు ఉన్న వాల్వు. లోపల ఒత్తిడి పెంచి నీళ్ళు మరగడాన్ని వాయిదా వేస్తుంది. చదరపు అంగుళానికి ఒక పౌండు ఒత్తిడి పెరిగితే మరుగు స్థానం ఇంచుమించు ఒకటిన్నర డిగ్రీలు పెరుగుతుంది. ఆ కాలం బండ్లలో కనిపించే 7 పౌండ్ల మూత బాగుంటే దాదాపు 11 డిగ్రీల వెసులుబాటు. మూత లోపలి రబ్బరు ఎండిపోతే ఆ 11 డిగ్రీలూ హుష్‌కాకి. ఎన్ని రేడియేటర్లు ఈ మూత పాపానికి విప్పబడ్డాయో!

ఇంకోటి థర్మోస్టాట్. ఇంజన్ తగినంత వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కి పోనివ్వని చిన్న తలుపు. మనవాళ్ళు దాన్ని శత్రువుగా చూశారు. "ఇది చలిదేశాల వాళ్ళకి సార్, మనకెందుకు" అని పీకి పక్కన పడేసిన మెకానిక్కులు కోకొల్లలు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. చెడిపోయి మూసుకుపోయిన థర్మోస్టాట్ ఇంజన్ని చంపేస్తుంది, కొత్తది ఆ రోజుల్లో అన్ని ఊళ్ళలో దొరికేది కాదు. కానీ తీసేశాక ఇంజన్ కావలసిన వేడికి రావడానికి బాగా ఆలస్యమై, పెట్రోలు ఎక్కువ తాగి, ఆయిలు పాడయ్యేది. ఆ నష్టం ఆవిరిలా కంటికి కనబడదు కాబట్టి ఎవరూ లెక్కేసుకోలేదు. బోరు నీళ్ళు పొయ్యడం కూడా ఇలాంటిదే. ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున కట్టే తెల్లటి పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది, వేడిని బయటికి పోనివ్వదు.

ఈ అన్నదమ్ముల జబ్బుల సంగతి నేను కళ్ళారా చూసింది కిందటి వేసవిలో. నరసరావుపేటలో మా పెదనాన్న దగ్గర 1973 నాటి అంబాసిడర్ మార్క్ 2 ఉంది, డైనమో బండి. కోటప్పకొండ ఎక్కుతుంటే మరిగింది. తిరిగొచ్చిన మర్నాడు బ్యాటరీ దిగిపోయి ఉంది. రేడియేటర్ అతను చూసి కోర్ మార్చాలన్నాడు. ఆటో ఎలక్ట్రీషియన్ డైనమో వైండింగ్ చేయించాలన్నాడు. ఇంజన్ మెకానిక్ వచ్చి నెత్తి కొట్టుకుని, బోరింగ్‌కి వచ్చిందన్నాడు. ముగ్గురి ఎస్టిమేట్లూ కూడితే, తుక్కు కింద అమ్మితే వచ్చేదానికన్నా ఎక్కువైంది. మా అన్నయ్య ఇక అమ్మేద్దామని కూర్చున్నాడు. బండి కోసం పెదనాన్న నోరు విప్పి బతిమాలడం నేను ఎప్పుడూ చూడలేదు, అప్పుడూ బతిమాలలేదు. బానెట్ ఎత్తి బెల్టు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. అరంగుళం దిగాల్సింది బాగా కిందకి దిగింది. లోపలి అంచులు అద్దంలా మెరుస్తున్నాయి. "మంచిగా నడిచే రెండూ ఒక్క రోజే చెడిపోవురా. వాటిని కలిపేది ఏదుందో అది చూడాలి" అన్నాడు.

తెగిన బెల్టు ఎవరికైనా కనబడుతుంది. జారే బెల్టు కనబడదు. తిరుగుతూనే ఉంటుంది, కానీ బరువు పడ్డప్పుడు కప్పీ మీద జారిపోతుంది. పంపు నెమ్మదిస్తుంది, ఫ్యాను నెమ్మదిస్తుంది, డైనమో నెమ్మదిస్తుంది. ఎవరి విభాగం వాళ్ళు చూసుకునే ముగ్గురు నిపుణులకి మూడు వేరు వేరు రోగాలు కనబడ్డాయి, వాళ్ళలో ఎవరూ మోసగాళ్ళని నేననుకోను. మా ఆఫీసులో సర్వరు నెమ్మదిస్తే డేటాబేస్ వాళ్ళు, నెట్‌వర్క్ వాళ్ళు, అప్లికేషన్ వాళ్ళు మూడు రిపోర్టులు ఇస్తారు, ఇదీ అంతే. కొన్ని వందల రూపాయల బెల్టు వేశాక కోటప్పకొండ మళ్ళీ ఎక్కాం, మరగలేదు.

అయినా పెదనాన్న డైనమోని వదల్లేదు, పరీక్ష పెట్టాడు. అది లూకాస్ వాళ్ళ పాత మాన్యువల్స్‌లో ఉన్న పరీక్షే. డైనమో మీద డి, ఎఫ్ అని రెండు టెర్మినళ్ళు ఉంటాయి. వాటి వైర్లు పీకేసి, రెంటినీ చిన్న తీగతో కలిపి, అక్కణ్ణుంచి బాడీకి వోల్ట్ మీటరు పెట్టి, ఇంజన్ వేగం మెల్లగా పెంచాలి. వోల్టేజి చకచకా పైకి పోతే డైనమో బాగున్నట్టే, లోపం ఉంటే రెగ్యులేటర్లోనో వైర్లలోనో (20 వోల్టులు దాటనివ్వకూడదు). అసలేమీ రాకపోతే బ్రష్షులు చూడాలి. అర వోల్టు, ఒక వోల్టు దగ్గర ఆగిపోతే ఫీల్డు కాయిల్. నాలుగైదు వోల్టుల దగ్గర ఆగితే ఆర్మేచర్. ఒక్క తీగముక్క, ఒక్క మీటరు, నాలుగు రకాల ఎర్రర్ కోడ్లు! ఈ రోజు బండ్లలో స్కానర్ తగిలిస్తే పి0562 అంటే వోల్టేజి తక్కువని, పి0217 అంటే ఇంజన్ మితిమీరి వేడెక్కిందని చూపిస్తుంది. ఏం జరిగిందో చెప్తుంది కానీ ఎందుకు జరిగిందో చాలాసార్లు చెప్పదు. ఆ రెండు కోడ్లూ ఒకేసారి వస్తే బెల్టు చూడమని చెప్పేది మాత్రం ఇప్పటికీ మనిషే.

మా బండి డైనమో పాసైంది లెండి.

ఇక అంబాసిడర్ మీద నా అసలు ఫిర్యాదు. 1956 నాటి డిజైన్ 1956కి మంచిదే. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ ఆ రూపం 1959లోనే కొత్తదానికి చోటిచ్చి తప్పుకుంది. అమెరికాలో క్రైస్లర్ 1960 మోడల్ వాలియంట్‌లో డైనమో బదులు ఆల్టర్నేటర్ పెట్టింది. సిలికాన్ డయోడ్లు చవకవడం వల్ల అది సాధ్యమైంది. డైనమోలో బండికి కావలసిన కరెంటంతా కమ్యుటేటర్ మీదనుంచి, బ్రష్షుల గుండా రావాలి. మరీ వేగంగా తిప్పితే అది తట్టుకోదు, అందుకే ఐడిల్‌లో చాలనంత నిదానంగా తిరిగేలా కప్పీలు పెట్టాలి. ఆల్టర్నేటర్‌లో బ్రష్షుల మీద నడిచేది కొద్దిపాటి ఫీల్డు కరెంటే. వేగంగా తిప్పొచ్చు, ట్రాఫిక్‌లో ఆగి ఉన్నా ఛార్జ్ చేస్తుంది. డయోడ్లు వెనక్కి పారనివ్వవు కాబట్టి కటౌట్ అక్కర్లేదు. 1961లో మద్రాసు పాడిలో లూకాస్-టివిఎస్ లాంటి కంపెనీ కూడా వచ్చింది, చెయ్యగల చేతులు మన దగ్గరా ఉన్నాయి. కానీ లైసెన్సుల కాలంలో కారు బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూసే జనం ఉన్నప్పుడు ఎవరికి తొందర? తర్వాతి అంబాసిడర్లకి ఆల్టర్నేటర్ వచ్చింది, 1992లో ఇసుజు ఇంజన్ వచ్చింది, 2014 మేలో ఉత్పత్తే ఆగిపోయింది. జబ్బు డిజైన్ది కాదు, మందు పక్కన ఉన్నా పుచ్చుకోకపోవడంది.

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో ఇంజన్ అడ్డంగా కూర్చుంది. రేడియేటర్ ఫ్యాను ఇంజన్‌తో తెగతెంపులు చేసుకుని సొంత ఎలక్ట్రిక్ మోటారు పెట్టుకుంది. ట్రాఫిక్‌లో ఆగినా ఫుల్ స్పీడుతో తిరిగే ఫ్యాను! అంబాసిడర్ డ్రైవర్లకి అది అద్భుతం. దాంతో జబ్బు లక్షణాలూ మారాయి. హైవే మీద చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర వేడెక్కితే ఫ్యూజో, స్విచ్చో, ఫ్యాను మోటారో చూడాలి. హైవే మీద వేడెక్కితే రేడియేటరో, పంపో. కానీ నీళ్ళ పంపూ ఆల్టర్నేటరూ ఇంకా ఒకే బెల్టు మీదే ఉన్నాయి. ఆ బెల్టుని షాపులో ఏమని అడుగుతాం? "ఫ్యాన్ బెల్టు" అనే. దానిమీద ఫ్యాను లేకపోయినా! విజయవాడ ఆటోనగర్‌లో "సెల్ఫ్ డైనమో వర్క్స్" బోర్డులు కూడా అంతే, డైనమో ఉన్న బండి ఆ గుమ్మం తొక్కి ఎన్నాళ్ళయిందో.

2009లో వచ్చిన మూడో తరం టొయోటా ప్రియస్‌లో ఆ బెల్టు కూడా పోయింది. నీళ్ళ పంపు కరెంటుతో తిరుగుతుంది. అంటే మొదట్లో ఇద్దరూ బెల్టుని నమ్ముకున్నారు, ఇప్పుడు కూలింగ్ వెళ్ళి నేరుగా కరెంటుని నమ్ముకుంది. ఎలక్ట్రిక్ కార్లలో ఇది ఇంకా ముదిరింది. బ్యాటరీని చల్లార్చే పంపు ఆ బ్యాటరీ కరెంటుతోనే తిరుగుతుంది, బ్యాటరీ చల్లగా లేకపోతే వేగంగా ఛార్జ్ అవదు. మొన్న మే నెల మధ్యాహ్నం మా ఆఫీసు కొలీగ్ హైవే పక్క ఫాస్ట్ ఛార్జర్‌కి బండి తగిలించి, ఛార్జింగ్ సగానికి సగం పడిపోయిందేంటని ఫోన్ చేశాడు. ముందువైపు ఫ్యాన్ల మోత వినబడుతోందా అనడిగాను. చెవులు హోరెత్తుతున్నాయన్నాడు. అయితే బండి బాగానే ఉంది, ఓ టీ తాగి రమ్మన్నాను.